చందమామను నేలకు దించిన నాగిరెడ్డి

జమ్మలమడుగులో ఉన్న మా అక్కగారి కుమారునికి ఏడేండ్లు. దసరా సెలవులకు ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చినప్పుడు వాడు ప్రొద్దున లేచినది మొదలు రాత్రి నిద్రపోయేవరకు టెలివిజను ముందు నుండి కదలలేదు. తెరమీద భీముడనే ఒక బొమ్మ పిల్లవాడు లడ్డూలు తిని బలం పుంజుకొని దుష్టులను చితకబాదుతుంటే వీడు ఇక్కడ కూర్చొని చేతులు ఝళిపిస్తాడు. ఈ బొమ్మలను ఎవరు చేస్తారు మామూ అని ఒకనాడు నన్ను అడిగాడు. హైదరాబాదులో చేస్తారని, 2008 సంవత్సరంలో ఆ ధారావాహిక మొదలైనదని చెప్పాను. అంతకు అరువదియేండ్ల ముందే కథలకు బొమ్మలు వేయించి దేశంలోని పిల్లలందరికీ పంచిపెట్టిన మహానుభావుడు ఒకరున్నారని, ఆయన మన కడప జిల్లావారేనని చెప్పబోతున్నంతలో వాడు మళ్ళీ తెరవైపు తిరిగిపోయాడు. వానికి చెప్పలేకపోయిన సంగతిని మన కళాశాల విద్యార్థులకు, కార్యవర్గ సభ్యులకు ఈ వ్యాసరూపంలో విన్నవించుకొంటున్నాను. ఆ మహానుభావుడు బొమ్మిరెడ్డి నాగిరెడ్డిగారు.

నాగిరెడ్డిగారు 1912 డిసెంబరు 2వ తేదీన కడప జిల్లాలోని పొట్టిపాడు గ్రామంలో జన్మించారు. ఆయన అన్నగారు బి. ఎన్. రెడ్డిగా లోకప్రసిద్ధి చెందిన నరసింహారెడ్డిగారు నాలుగేండ్లు పెద్ద. ఆయన పుట్టినది పులివెందుల తాలూకా కొత్తపల్లెలో. వర్షం కోసం ఆకాశం వైపు చూసే మెట్టపల్లెల నుండి వచ్చిన కుటుంబం వారిది. కుటుంబంలో వ్యాపారం ఉండేది. మన సీమలో ఎర్రగడ్డలని పిలుచుకొనే ఉల్లిగడ్డలను మద్రాసు నుండి ఓడలలో రంగూనుకు ఎగుమతి చేసేవారు. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి బర్మా జపాను వశం కావడంతో ఆ వ్యాపారం చితికిపోయింది. కడప జిల్లా పల్లెలలో పుట్టిన ఈ సోదరులిద్దరూ మద్రాసు మహానగరంలో చలనచిత్రరంగాన్ని ఏలడం, ఇద్దరూ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని పొందడం, అన్నగారు 1974 సంవత్సరానికి, తమ్ముడు 1986 సంవత్సరానికి, మన జిల్లా చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం. ఆ సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో నాకు అనుమానమే.

అన్నగారు కళాహృదయులు. తీసినవి కొద్ది చిత్రాలే అయినా, మల్లీశ్వరి వంటివి తీసి చిరకీర్తి నార్జించారు. తమ్ముని స్వభావం వేరు. ఆయనకు యంత్రమంటే ఇష్టం, లెక్కంటే ఇష్టం, ఒక పని పదిమంది చేత సకాలంలో చేయించడమంటే మరీ ఇష్టం. మద్రాసులో అన్నగారు నెలకొల్పిన బి. ఎన్. కె. ప్రెస్సు బాధ్యత ఆయన చేతికి వచ్చింది. సినిమా ప్రకటనలు, కరపత్రాలు, పుస్తకాలు అచ్చువేసే ఆ ముద్రణాలయంలోనే ఆయన అసలు చదువు సాగిందని నేననుకొంటాను. సిరా ఎంత పలుచగా ఉండాలి, రంగుమీద రంగు ఎట్లా కుదురుకోవాలి, నెల మొదటి తేదీకి పత్రిక అంగడిలో ఉండాలంటే ఏ తేదీకి చివరి అచ్చుతునక బిగించాలి ఇత్యాది విషయాలను పుస్తకాలు నేర్పవు. పిల్లలకు నీతికథలు చెప్పవలెనని ఉవ్విళ్ళూరిన పెద్దలు మన దేశంలో అనేకులు ఉన్నారు. ఆ కథలు ప్రతినెలా తప్పక, అందంగా, చౌకగా పిల్లవాని చేతికి చేరాలంటే ఒక అచ్చుయంత్రం, ఒక జీతాల పట్టీ, ఒక రవాణా ఏర్పాటు కావాలని గ్రహించినవారు అరుదు. నాగిరెడ్డిగారి గొప్పతనం ఇక్కడ ఉన్నది.

ఈ కర్మిష్ఠికి తోడైన భావుకుడు చక్రపాణిగారు. ఆయన అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు, స్వస్థలం తెనాలి. యౌవనంలో క్షయవ్యాధి సోకి మదనపల్లె ఆరోగ్యవరంలో చికిత్స పొందుతూ, ఆ పడకమీదనే బెంగాలీ నేర్చుకొని, శరత్‌చంద్రుని నవలలను తెలుగులోకి తెచ్చిన పట్టుదల ఆయనది. అన్నగారు నిర్మించిన స్వర్గసీమ చిత్రానికి రచన చేయడానికి మద్రాసు వచ్చి, తమ్ముడు నాగిరెడ్డిగారికి ప్రాణమిత్రుడయ్యాడు. ఒకరు కోస్తా వారు, ఒకరు సీమ వారు. ఒకరు మితభాషి, ఎదుటివాని మొగము మీదనే ఇది బాగులేదని తేల్చి చెప్పే తత్వం. మరొకరు పదిమందిని కలుపుకొనిపోయే తత్వం. 1945లో ఇద్దరూ కలసి ఆంధ్రజ్యోతి అనే మాసపత్రికను ప్రారంభించారు. తరువాత వచ్చిన అదే పేరుగల దినపత్రికకు దీనితో సంబంధం లేదు. పెద్దలకు పత్రిక నడపడంలోని సాధకబాధకాలు అక్కడ తెలిసివచ్చాయి. ఆ పిమ్మట వారి చూపు పిల్లలవైపు మళ్ళింది.

1947 జులై నెలలో చందమామ మొదటి సంచిక వెలువడింది. ఆ నెలను మనం మరువరాదు. స్వాతంత్ర్యం ఇంకా నెలదూరంలో ఉంది. దేశవిభజన నిశ్చయమైపోయింది. పంజాబులో, బెంగాలులో మతోన్మాదం ఇండ్లను తగులబెడుతున్నది. పెద్దవారు హద్దుగీతలు గీసుకొంటున్న ఆ దినాలలో మద్రాసులోని ఒక ముద్రణాలయం పిల్లల కోసం ఆరువేల ప్రతులు అచ్చువేసింది. అదే నెల తమిళంలో అంబులిమామ కూడ వెలువడింది. ఒకే కథను, ఒకే బొమ్మను రెండు భాషల పిల్లలు ఒకే మాసంలో చూశారు.

పేరు విషయంలో ఒక మాట. ఆకాశంలోని చంద్రుడు తెలుగుతల్లికి తోబుట్టువు, కనుకనే బిడ్డకు మామ. మన ఉర్దూ ఇండ్లలోను తల్లులు బిడ్డను భుజాన వేసుకొని చందా మామా అనే పిలుస్తారు. మా అక్క కొడుకుకు నేను మామూను. ఆకాశంలోని చంద్రుడూ మామూయే. ఈ రెండు భాషల ఇండ్లలో చంద్రునికి ఒకే వరుస కలవడం ఎవరు ఏర్పరచినదో నాకు తెలియదుగాని, అబ్బాజాన్ తొలిసారి ఆ పత్రికను ఇంటికి తెచ్చినప్పుడు దాని పేరును నాకు ఎవరూ అర్థం చెప్పవలసిన అవసరం కలగలేదు.

చందమామలో ఏముండేది? పంచతంత్రం, జాతకకథలు, కథాసరిత్సాగరం, రామాయణ భారతాలు సరే. వాటి ప్రక్కనే అరేబియా రాత్రుల కథలు, షేక్స్పియరు నాటకకథలు ఉండేవి. గ్రీకుల మహాకవి హోమరు కావ్యాలు రెండూ భువనసుందరి అని, రూపధరుని యాత్రలు అని తెలుగు వేషం ధరించి ధారావాహికలుగా వచ్చాయి. ఆ కథలు గ్రీసు దేశానివని ఆ పిల్లలకు తెలియదు. తెలియవలసిన పనీ లేదు. ఈ కూర్పు వెనుక ఉన్నవారిలో ముఖ్యులు కొడవటిగంటి కుటుంబరావుగారు. ప్రసిద్ధ కథకులు, హేతువాది అయిన ఆయన 1952 నుండి 1980లో మరణించేవరకు చందమామకు వెన్నెముకగా నిలిచారు. ఎందరో పంపిన కథలను ఆయన తిరిగి వ్రాసేవారు. చిన్న వాక్యం, తేలిక మాట, కథ పరుగు. సమాసాల ఆడంబరానికి అక్కడ చోటు లేదు. సంపాదకునిగా ఆయన పేరు అచ్చుకాలేదు. తోకచుక్క మొదలుకొని ఎన్నో జానపద ధారావాహికలు వ్రాసి పిల్లల నిద్రను దోచుకొన్న దాసరి సుబ్రహ్మణ్యంగారి పరిస్థితి కూడ అంతే. ఇది న్యాయమా అని నన్నడిగితే కాదనే అంటాను. పేరు వేసి ఉంటే చందమామ వెలుగు తగ్గేది కాదు. మహనీయుల జీవితాలు వ్రాసేటప్పుడు ఇటువంటి వాటిని దాచిపెట్టడం నాకు సమ్మతం కాదు.

బొమ్మల విషయానికి వస్తే, నాగిరెడ్డిగారి ముద్రణాలయపు విద్య ఇక్కడ ఫలించింది. ప్రతి కథకు బొమ్మ, దాదాపు తిప్పిన ప్రతి పుటకు బొమ్మ. చిత్ర అనే పేరుతో టి. రాఘవన్, శంకర్ అనే పేరుతో శివశంకరన్, ముఖచిత్రాలకు వడ్డాది పాపయ్య. వీరిని ఆయన ఆదరించిన తీరు వల్లనే వారు దశాబ్దాల తరబడి ఆ పత్రికను అంటిపెట్టుకొని ఉన్నారు. శంకర్ గారు 2020లో తొంబదియారేండ్లు దాటిన వయసులో కన్నుమూశారు. భుజాన శవాన్ని వేసుకొని, చేత కత్తి పట్టి, శ్మశానంలో నడచిపోయే విక్రమార్క మహారాజు బొమ్మ ఆయనదే. ఆ బొమ్మలో రాజు కదలడు. అయినా చూసే పిల్లవానికి ఆయన నడుస్తూనే ఉంటాడు. ఈనాడు యంత్రసాయంతో తయారయ్యే కదిలే బొమ్మలలో నిమిషానికి వందల చిత్రాలు కావలసివస్తాయి. ఒక్క చిత్రంలో నడక చూపడం ఏ విద్యో ఆ ముసలి చిత్రకారునికి తెలుసు.

ఆ బేతాళకథల సంగతి కొంచెం విస్తరించి చెప్పాలి. నాగిరెడ్డి-చక్రపాణిగార్ల నీతిబోధ పద్ధతి అంతా అక్కడ ఉన్నదని నా అభిప్రాయం. సంస్కృతంలో బేతాళ పంచవింశతి అంటే ఇరువదియైదు కథలు. చందమామలో అవి అయిపోయిన తరువాత కూడ బేతాళుడు ఆగలేదు. కొత్త కథలు పుట్టించి దశాబ్దాలపాటు నెలనెలా కొనసాగించారు. కథ మధ్యలో ఒక చిక్కు వస్తుంది. ఒకడు మాట తప్పాడు, కాని దానివల్ల ఒక ప్రాణం నిలిచింది. ఒకడు న్యాయం చేశాడు, కాని దానివల్ల ఒక ఇల్లు కూలింది. తప్పెవరిదని బేతాళుడు రాజును నిలదీస్తాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. చెప్పినా నష్టమే, చెప్పకపోయినా నష్టమే. అయినా రాజు ప్రతిసారీ సత్యమే చెబుతాడు, ప్రతిసారీ ఓడి మొదటికి వస్తాడు. సత్యం పలకండి అని ఆదేశించే పాఠాలు మా తరగతి పుస్తకాలలో చాలా ఉండేవి. ఒక్కటీ నాకు గుర్తులేదు. సత్యం చెప్పినందుకు ప్రతినెలా చేసిన శ్రమంతా పోగొట్టుకొని మళ్ళీ శవాన్ని భుజాన వేసుకొనే ఆ రాజు మాత్రం నన్ను విడువలేదు. రాజు జవాబు చదువకముందు పుస్తకం మూసి, తప్పెవరిదో నేను తేల్చుకొని, ఆ పిమ్మట తెరచి సరిచూసుకొనేవాడిని. చాలాసార్లు నా తీర్పు తప్పయ్యేది. కొన్నిసార్లు రాజు తీర్పే తప్పని నాకు తోచేది.

1949లో కన్నడ, హిందీ సంచికలు వచ్చాయి. ఆ తరువాత మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఒరియా, బెంగాలీ, ఇంగ్లీషు ఇత్యాది భాషలలో చందమామ వెలువడింది. సింహళ భాషలోను, సంస్కృతంలోను, కడకు సంతాలుల భాషలోను వచ్చింది. అంధబాలల కోసం బ్రెయిలు లిపిలో సంచికలు తయారుచేశారు. అచ్చయ్యే ప్రతులు లక్షలకు పెరిగాయి. కథ తెలుగులో సిద్ధమై, ఆయా భాషల అనువాదకుల చేతికి వెళ్ళి, అన్నీ వడపళనిలోని చందమామ భవనం నుండి వెలువడేవి. కాశ్మీరు నుండి కన్యాకుమారి వరకు ఉన్న పిల్లలను ఒక పంక్తిలో కూర్చుండబెట్టిన ఘనత అన్నప్పుడు అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

ఇక చలనచిత్రాల ప్రస్తావన. పత్రిక పెట్టిన మూడేండ్లకు, 1950లో, విజయా ప్రొడక్షన్స్ తొలి చిత్రం షావుకారు వచ్చింది. వాహినీ స్టూడియో కూడ నాగిరెడ్డిగారి నిర్వహణలోకి వచ్చి విజయ-వాహినిగా పేరుపొందింది. ఒకప్పుడు ఆసియాలోకెల్ల పెద్ద స్టూడియోలలో ఒకటిగా దానిని చెప్పుకొనేవారు. నటులకు, సాంకేతికులకు నెలజీతాలిచ్చి కార్యాలయంలాగ నడపడం అక్కడి పద్ధతి. మిస్సమ్మ, గుండమ్మకథ మొదలైన చిత్రాల గురించి మన విద్యార్థులకు నేను చెప్పవలసినది లేదు. ఇప్పటికీ పండుగనాడు టెలివిజనులో వస్తూనే ఉంటాయి. బాలల కథలతో సంబంధమున్న రెండింటిని మాత్రం తీసుకొంటాను.

ఒకటి 1951లో వచ్చిన పాతాళభైరవి. మధిర సుబ్బన్నదీక్షితులవారి కాశీమజిలీ కథల నుండి దాని బీజాన్ని తీసుకొన్నారు. అయితే ఆ చిత్రం చూసిన ఏ ఉర్దూ విద్యార్థికైనా అలావుద్దీను అద్భుతదీపం స్ఫురించక మానదు. పేదింటి సాహసి, వానిని వంచించి గుహకు తీసుకొనిపోయే మాంత్రికుడు, కోరినది ఇచ్చే ప్రతిమ, ఒక్క రాత్రిలో లేచిన మేడ, ఆ ప్రతిమను అపహరించి రాకుమారిని మేడతో సహా ఎత్తుకుపోవడం, ఇవన్నీ మన అల్ఫ్ లైలాలో విన్నవే. కాశీకి పోయే బాటసారుల కథ, బగ్దాదు రాత్రుల కథ కలసి ఉజ్జయిని తోటమాలి కొడుకు కథగా మారాయి. ఎక్కడి సరుకు ఎక్కడిదో విడదీసి చూపడం ఎవరి తరమూ కాదు. 1952 జనవరిలో బొంబాయిలో మొదలైన భారతదేశపు ప్రథమ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు.

రెండవది 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్. దర్శకులు మన పొరుగు తాడిపత్రికి చెందిన కె. వి. రెడ్డిగారు. వ్యాసభారతంలో లేని శశిరేఖ వివాహకథను జానపదుల నోటినుండి తీసుకొని పాండవులెవరూ తెరమీద కనబడకుండానే భారతకథ చెప్పిన చిత్రమది. అందులో ఘటోత్కచుడు విందుశాలలో కూర్చుంటే లడ్డూలు తమంతట తాము ఎగిరివచ్చి ఆయన నోటిలో పడతాయి. గణనయంత్రాలు లేని ఆ కాలంలో మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణపు నేర్పుతో సాధించిన ఆ దృశ్యం కదిలే బొమ్మల విద్యకు దగ్గరి చుట్టం. మా మేనల్లుని తెరమీది భీముడు తినే లడ్డూలను చూచినప్పుడల్లా నాకు ఆ ఘటోత్కచుని లడ్డూలే జ్ఞప్తికి వస్తాయి. ఎంతైనా ఆయన భీముని కొడుకు కదా!

అదే చిత్రంలో ప్రియదర్శిని అనే పేటిక ఉన్నది. మూత తెరచి చూచినవారికి వారికి అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. కృష్ణునికి శకుని కనబడతాడు! దానికి తోడు సత్యపీఠమని మరొకటి. దానిమీద నిలిచినవాడు మనసులోని నిజాన్ని కక్కక తప్పదు. కపటమూర్తియైన శకుని చివర దానిమీద నిలబడి తన గుట్టు తానే బయటపెట్టుకొంటాడు. కపటం ఎన్నటికీ దాగదని ఎవరూ ఉపన్యసించలేదు. ప్రేక్షకులు నవ్వుకొంటూ ఇంటికి వెళ్ళారు. పేటికలో బొమ్మలు చూడడమనే ఊహ నేడు ఇంటింటా నిజమైనది. మన పేటికలో ఏది ప్రియమో మనకు కనబడదు, అమ్మేవారికి ఏది ప్రియమో అది కనబడుతుంది. భేదం అంతే.

నాగిరెడ్డిగారు ఏ దోషమూ లేని పని చేశారని నేననను. చందమామ లోకం రాజులదీ జమీందారులదీ. అందులో తెలివిగల కోడండ్లు ఉన్నారుగాని, సాహసయాత్రకు బయలుదేరిన ఆడపిల్లలు నేను చదివినంతలో బహుస్వల్పం. బగ్దాదు ఖలీఫా అందులోకి వచ్చాడుగాని, మన ప్రొద్దుటూరు సందులలో మగ్గం నేసే మస్తానో, పులివెందుల సంతలో గాజులమ్మే బీబియో వచ్చినట్లు నాకు గుర్తులేదు. దూరదేశపు ముసల్మాను కథకు పనికివచ్చినంతగా ఇరుగింటి ముసల్మాను పనికిరాకపోవడం చిన్ననాడు నాకు తోచలేదు. ఇప్పుడు పాత సంచికలు తిరగేస్తుంటే తోస్తున్నది. అయినా ఆ పత్రిక నన్ను ఎన్నడూ పరాయివానిగా చూడలేదు. చూచి ఉంటే పిల్లలు పెద్దలకంటె త్వరగా పసిగడతారు.

ఆయన ఉత్తరజీవితం క్లుప్తంగా చెబుతాను. 1972లో వడపళనిలో విజయా ఆసుపత్రిని స్థాపించారు. 1975 సెప్టెంబరులో చక్రపాణిగారు మరణించారు. మూడు దశాబ్దాలు జంటగా వినబడిన పేర్లలో ఒకటి ఆగిపోయింది. ఆ తరువాత పత్రిక భారాన్ని కుమారుడు విశ్వనాథరెడ్డిగారు వహించారు. నాగిరెడ్డిగారు కొంతకాలం తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలి అధ్యక్షులుగా కూడ పనిచేశారు. 2004 ఫిబ్రవరి 25న మద్రాసులో తొంబదిరెండవ ఏట పరమపదించారు.

వారి జీవితకాలంలోనే చందమామకు గ్రహణం పట్టనారంభించింది. 1985లో ఢిల్లీ దూరదర్శన్ విక్రమార్క బేతాళుల కథలను రామానంద్ సాగర్ గారి నిర్మాణంలో ప్రసారం చేసింది. శంకర్ గారి బొమ్మలోని రాజు ఇప్పుడు నిజంగా నడిచాడు, బేతాళుడు నిజంగా ఎగిరాడు. ఆ తరువాత ఒక్కొక్క ఇంట్లో టెలివిజను వెలసింది, బొమ్మల కోసం ప్రత్యేకించిన ప్రసారాలు వచ్చాయి. తెనాలి రామకృష్ణుడు, పంచతంత్రపు జంతువులు, బాలకృష్ణుడు అందరూ అందులోకి వలస వెళ్ళారు. చందమామ 1998లో ఆగిపోయి, 1999 చివర తిరిగి లేచింది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సంస్థ దానిని కొన్నది. 2013 నాటికి అచ్చు నిలిచిపోయింది. ఒకనాటి స్టూడియో స్థలంలో నేడు పెద్ద అంగళ్ళ సముదాయం వెలసింది. పాత సంచికలు మాత్రం అభిమానులు భద్రపరచినందువల్ల గణనయంత్రాలలో చదువుకొనే వీలున్నది.

టెలివిజనును నిందించడం నా ఉద్దేశం కాదు. నేను కూడ ఆ బొమ్మలు చూస్తూ పెరిగినవాడినే. భీముడనే పేరు మా మేనల్లుని నోట వచ్చినది ఆ తెర వల్లనే, నేను నేర్పలేదు. స్నేహితునికి అండగా నిలవాలని, బలహీనుని కొట్టరాదని వాడు అక్కడే నేర్చుకొన్నాడు. నాగిరెడ్డిగారు నేడు ముప్పదియేండ్ల యువకులై ఉంటే తప్పక బొమ్మల టెలివిజనునే స్థాపించి ఉండేవారు, అదీ పన్నెండు భాషలలో. యంత్రానికి జంకే మనిషి కాదు ఆయన. కాని ఒక తెలుగు అధ్యాపకునిగా నా బాధ వేరు. మన కళాశాలలో చేరే విద్యార్థులలో పెక్కుమందికి ఇంటిభాష ఉర్దూ. వారు తెలుగు చక్కగా మాట్లాడుతారు, సినిమాలు చూసి నవ్వుతారు, కాని పది పంక్తుల తెలుగు పేరాను గట్టిగా చదువమంటే నాలుగవ పంక్తిలో గొంతు తగ్గిపోతుంది. ఉర్దూ లిపి అయినా నిలిచిందా అంటే అదీ అంతంతే. బొమ్మ కదలినప్పుడు కథ అర్థం కావడానికి అక్షరం అవసరం లేదు. బొమ్మ కదలకుండా నిలిచినప్పుడు మాత్రమే, తరువాత ఏమైనదో తెలుసుకోవాలన్న ఆత్రంలో పిల్లవాడు క్రింద ఉన్న అక్షరాలవైపు చూపు దించుతాడు. నేను తెలుగు అక్షరాలు నేర్చినది ఆ ఆత్రంలోనే. బడిలో పంతులుగారు నేర్పినవి గుణింతాలు. చదువడం నేర్పినది నాగిరెడ్డిగారి ముద్రణాలయం.

మన విద్యాసంస్థకు అనుబంధంగా ఉన్న ప్రాథమిక తరగతులకు ఒక పెద్ద తెర కొనాలన్న ఆలోచన సాగుతున్నదని విన్నాను. కొనవలసినదే. అయితే ఆ సొమ్ములో ఎనిమిదవ వంతు వెచ్చిస్తే పాత చందమామ కథలను ప్రతులు తీయించి, గట్టి అట్టలు కట్టించి, ప్రతి పిల్లవాని చేతికి ఒకటి ఇవ్వవచ్చునని కార్యవర్గ పెద్దలకు మనవి. తెర ఎట్లాగూ ఇంట్లో ఉన్నది, పుస్తకమే లేదు.

మొన్న సంక్రాంతి సెలవులకు మా మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. ఆ సాయంకాలం మా వీధిలో విద్యుత్తు పోయింది. మా నాన్నగారు బైండు చేయించి దాచిన పాత చందమామల సంపుటం తీసి, లాంతరు పెట్టుకొని, బేతాళకథ ఒకటి వానికి చదివి వినిపించాను. శవాన్ని మోసే రాజు బొమ్మను చూచి వాడు మొదట భయపడ్డాడు, తరువాత పేజీ మీద వ్రేలు పెట్టి బేతాళుని తల ఎక్కడున్నదో వెదికాడు. రాజు జవాబు దగ్గరకు వచ్చేసరికి నేను ఆ పంక్తులమీద అరచేయి కప్పి, తప్పెవరిదో చెప్పమన్నాను. వాడు చాలాసేపు ఆలోచించి సేవకునిదన్నాడు. చేయి తీశాను. రాజుగారు మంత్రిదన్నారు. వాడు ఒప్పుకోలేదు. నేను చదివినది సరికాదేమోనని అనుమానించి, ఆ పంక్తిని తానే కూడబలుక్కొంటూ మకు సున్న దగ్గర, త్రకు దగ్గర రెండుసార్లు తడబడి, మొత్తానికి మంత్రి అన్న మాటను చదివాడు. అప్పటికీ సేవకునిదే తప్పన్నాడు. ఈలోగా విద్యుత్తు వచ్చింది. వాడు లేవలేదు; తరువాతి నెల బేతాళకథ చదువమన్నాడు. ఆ సంచిక మా సంపుటంలో లేదు. మా నాన్నగారు బైండు చేయించకముందే ఎవరికో ఎరువిచ్చారట. దానికోసం పాత పుస్తకాల అంగళ్ళలో వెదకుతున్నాను.